ఎన్‌డీఐఎస్ ప్లాన్ వచ్చింది, ప్రొవైడర్ శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

ట్రుగనీనా అమ్మ

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఉంటాం. బాబుకి నాలుగున్నరేళ్ళు, ఆటిజం లెవెల్ 2. మాటలు ఇంకా రాలేదు, ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి దాని మీద పెడతాడు. పోయిన వారం ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్ళకి ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకం) ప్లాన్ వచ్చింది. కెపాసిటీ బిల్డింగ్ (థెరపీల డబ్బు) కింద ఏడాదికి 16,000 డాలర్లు, ప్లాన్ మేనేజ్డ్ అని ఉంది, అంటే బిల్లులు మన తరఫున ప్లాన్ మేనేజర్ అనే వేరే సంస్థ కడుతుంది.

మా వారి ఫ్రెండ్ ద్వారా ఒక ప్రొవైడర్ (థెరపీ ఇచ్చే సంస్థ) తెలిశారు. మనవాళ్ళే, తెలుగువాళ్ళే. స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) రెండూ వాళ్ళ దగ్గరే ఉన్నాయట. 11 పేజీల సర్వీస్ అగ్రిమెంట్ పంపారు, అందులో మా 16,000 మొత్తం వాళ్ళ పేరునే ఉంది. థెరపిస్ట్ ఎవరని అడిగితే "చూసి చెప్తాం" అన్నారు. ప్లాన్ మేనేజర్‌ని కూడా వాళ్ళే చూపించారు, వాళ్ళదే ఇంకో కంపెనీ అంట. శుక్రవారంలోగా సంతకం పెట్టకపోతే స్లాట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట.

డయాగ్నోసిస్ కోసమే 7 నెలలు ఎదురు చూశాం, ఇప్పుడు ఈ స్లాట్ కూడా పోతే ఎలా అని టెన్షన్. మా ఆయనకి ఫ్రెండ్ దగ్గర మొహమాటం. రెండు రాత్రులుగా నిద్ర లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వెంట్‌వర్త్‌విల్ నాన్న

సంతకం పెట్టకండి అమ్మా. కనీసం ఇప్పుడే పెట్టకండి.

ముందు ఒక కాగితం తీసుకుని లెక్క వేసుకోండి, మేం మొదటి ఏడాది వేసుకోక చాలా నష్టపోయాం. స్పీచ్‌కి, ఓటీకి ఎన్‌డీఐఎస్ గరిష్ఠ ధర 2025-26లో గంటకి 193.99 డాలర్లు. మీ 16,000ని దానితో భాగిస్తే 82 గంటలు వస్తాయి. వారానికి రెండు థెరపీలు, ఏడాదంతా అంటే 104 గంటలు కావాలి. అంటే ఎవరు "వారానికి రెండు సెషన్లు ఇస్తాం" అన్నా అది మీ డబ్బులో పట్టదు. ఇంటికొచ్చి చేస్తే ప్రయాణానికి వేరే బిల్లు ఉంటుంది. 2025 జూలై 1 నుంచి థెరపిస్టుల ట్రావెల్‌కి గంట రేటులో సగమే తీసుకోవాలి, మన లాంటి సిటీల్లో ఒక వైపుకి 30 నిమిషాల వరకు. అంటే అరగంటకి దాదాపు 48 డాలర్ల 50 సెంట్లు.

ఇంట్లో వారానికి ఒక సెషన్, స్కూల్ టర్మ్స్ ప్రకారం ఏడాదికి 40 వారాలు అనుకోండి. రానుపోను లెక్కలో ఒక వైపుకే ట్రావెల్ వేసినా 9,700 అయిపోతుంది. ఏడాది చివర రిపోర్టుకి నాలుగు గంటలు తీసుకుంటారు, అదొక 776. మిగిలిన ఐదున్నర వేలతో క్లినిక్‌కి మీరే తీసుకెళ్తే ఇంకో 28 సెషన్లు వస్తాయి. ఇదీ మీ చేతిలో ఉన్నది. ఇందులో ఏది ఎక్కువ కావాలో బాబుని చూసి మీరు తేల్చుకోండి, ఆ తర్వాతే ప్రొవైడర్‌తో మాట్లాడండి.

పెర్త్ బాబాయ్

పైన ఆయన చెప్పిన లెక్కకి ఒకటి కలుపుతున్నా. ప్లాన్‌లో "ఫండింగ్ పీరియడ్" అని ఉందేమో చూడండి. 2025 మే 19 తర్వాత వచ్చే కొత్త ప్లాన్లలో డబ్బు ఒకేసారి వదలరు, సాధారణంగా మూడు నెలలకొకసారి విడతలుగా వస్తుంది. మీకు 4,000 చొప్పున నాలుగు విడతలు ఉండొచ్చు. ఒక విడతలో మిగిలితే తర్వాత విడతకి కలుస్తుంది కానీ తర్వాతది ముందే వాడుకోవడం కుదరదు. మా చెల్లెలి పాపకి "ఇంటెన్సివ్" పేరుతో వారానికి మూడు సెషన్లు పెట్టారు, ఏడో వారానికల్లా విడత ఖాళీ. తర్వాత ఐదు వారాలు పిల్ల ఊరికే కూర్చుంది. ఆటిజం ఉన్న పిల్లకి ఆ విరామం మామూలు విషయం కాదు, నేర్చుకున్న రొటీన్ మొత్తం పోయింది.

ఓటీ చెల్లి

నేను ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా నాలుగేళ్ళుగా చేస్తున్నాను, కాబట్టి అటువైపు నుంచి కూడా చెప్తాను.

వెయిటింగ్ లిస్టులు ఉన్న మాట నిజం అక్కా, స్లాట్ పోతుందని చెప్పడంలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ థెరపిస్ట్ పేరు చెప్పకుండా ఏడాది డబ్బంతా రాయించుకోవడం మాత్రం సరైన పద్ధతి కాదు. మీ బాబు ఒక కంపెనీతో కూర్చోడు కదా, ఒక మనిషితో కూర్చుంటాడు. ఆ మనిషి ఎవరు, మాటలు రాని పిల్లలతో ఎన్నాళ్ళు పనిచేశారు, మధ్యలో మానేస్తే ఎవరొస్తారు, ఇవి అడగండి. ఓటీ అయితే ఆఫ్రా (ఆరోగ్య వృత్తులవాళ్ళని రిజిస్టర్ చేసే జాతీయ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆఫ్రా సైట్‌లో పేరు కొడితే వెంటనే తెలుస్తుంది. స్పీచ్ వాళ్ళు ఆఫ్రా కిందకి రారు, వాళ్ళకి స్పీచ్ పాథాలజీ ఆస్ట్రేలియా సభ్యత్వం చూసుకోండి. చాలామంది అమ్మానాన్నలకి ఈ తేడా తెలీదు. "ఆఫ్రాలో లేరు, మోసం" అనుకుని మంచి స్పీచ్ థెరపిస్టుని వదులుకున్నవాళ్ళని చూశాను.

ఇంకొకటి. సెషన్ 45 నిమిషాలు చేసి గంటకి బిల్లు వేస్తే అది ఎప్పుడూ మోసమే అనుకోవద్దు. ఆ 15 నిమిషాలు నోట్స్ రాయడానికి, బాబుకి బొమ్మల కార్డులు తయారు చేయడానికి వాడతాం. కానీ అది ముందే మీకు చెప్పి, మీరు ఒప్పుకుని, అగ్రిమెంట్‌లో రాసి ఉండాలి. చెప్పకుండా వేస్తే అడిగే హక్కు మీకుంది. నన్ను అడిగితే నేను సంతోషిస్తాను, అడిగే అమ్మ ఇంట్లో కూడా ప్రాక్టీస్ చేయిస్తుందని నాకు తెలుసు.

అత్తిలి అమ్మాయి

మా అబ్బాయికి 17, అడిలైడ్. నేను చెప్పేది మొహమాటం గురించే, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే.

మూడేళ్ళ క్రితం సపోర్ట్ వర్కర్ కావాలని చూస్తుంటే మనవాళ్ళే నడిపే ఒక ప్రొవైడర్ దొరికారు. పండగలకి కలుస్తాం, ఆవకాయ ఇచ్చిపుచ్చుకున్నాం. అగ్రిమెంట్ చదవకుండానే సంతకం పెట్టాను. వచ్చిన కుర్రాడు తెలుగు మాట్లాడతాడు, అమ్మయ్య అనుకున్నాను. వారానికి రెండు రోజులు, నాలుగేసి గంటలు వీణ్ణి పార్కుకి, స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాలి. ఒకరోజు మర్చిపోయిన టవల్ ఇద్దామని వెనకాలే వెళ్తే కార్ పార్క్‌లో కారు ఆగి ఉంది, మా వాడు వెనక సీట్లో బెల్ట్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, ముందు సీట్లో ఆ కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంజిన్ ఆఫ్. అడిలైడ్ ఎండ. మా వాడికి మాట రాదు, నాకు చెప్పలేడు. అలా ఎన్ని రోజులు కూర్చున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఫోన్ చేస్తే "అక్కా, చిన్న విషయం, మనలో మనం" అన్నారు. ఒక వారం ఊరుకున్నాను, అదే నా తప్పు. తర్వాత ఎన్‌డీఐఎస్ క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్‌కి ఫోన్ చేశాను, 1800 035 544. రిజిస్టర్ కాని ప్రొవైడర్ల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు, కోడ్ ఆఫ్ కండక్ట్ అందరికీ ఒకటే. ఇంగ్లీష్‌లో చెప్పడం కష్టమైతే టిస్ అనే ప్రభుత్వ అనువాద సేవ నంబర్ 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

తెలుగు వచ్చిన వర్కర్ దొరికితే మంచిదే. కానీ వర్కర్ స్క్రీనింగ్ చెక్ (నేర చరిత్ర లాంటివి చూసి ఇచ్చే అనుమతి) కాగితం కళ్ళతో చూడండి, మొదటి రెండు మూడు సార్లు మీరూ వెంట ఉండండి, ఆ తర్వాత చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడండి. తప్పుగా అనుకుంటే అనుకోనివ్వండి.

ట్రుగనీనా అమ్మ

అక్కా, చదువుతుంటే చేతులు వణికాయి. ఇప్పుడు బాబు ఎలా ఉన్నాడు?

అత్తిలి అమ్మాయి

బావున్నాడమ్మా. ఇప్పుడొచ్చే అబ్బాయి తెలుగువాడు కాదు, కానీ మా వాడికి నీళ్ళంటే ప్రాణమని రెండో రోజే కనిపెట్టాడు. ప్రతి సెషన్ తర్వాత ఎక్కడికెళ్ళారు, ఏం తిన్నాడు, ఎలా ఉన్నాడు అని రెండు లైన్లు మెసేజ్ పెడతాడు. ఆ రెండు లైన్లు కావాలని అగ్రిమెంట్‌లోనే రాయించాను.

గచ్చిబౌలి టు గీలాంగ్

నాది వేరే అభిప్రాయం, తప్పుగా అనుకోకండి. మనవాళ్ళ ప్రొవైడర్లని అందరినీ ఒకే గాటన కట్టకూడదు. మా పాపకి చేసే స్పీచ్ థెరపిస్ట్ తెలుగమ్మాయి. ముందు వెళ్ళిన చోట "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే కన్ఫ్యూజ్ అవుతుంది" అన్నారు. ఏడాది పాటు ఇంట్లో పాపతో ఇంగ్లీషే మాట్లాడాం, భీమవరం నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే పాపతో ఏం మాట్లాడాలో ఆవిడకి తెలిసేది కాదు. ఈ అమ్మాయి మొదటి రోజే "ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు, మీకు మనసుకి దగ్గరైన భాషలో మాట్లాడండి" అంది. ఇప్పుడు పాప "అమ్మమ్మ రా" అంటుంది ఫోన్‌లో. అది నాకు ఎన్ని వేల డాలర్లతోనూ రాదు.

ఓటీ చెల్లి

ఆ థెరపిస్ట్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంటి భాష మానేయమని ఎవరైనా చెప్తే ఆ మాట పట్టించుకోవద్దు.

వెంట్‌వర్త్‌విల్ నాన్న

మనవాళ్ళు వద్దని ఎవరూ అనలేదండి. మనవాళ్ళయినా, బయటివాళ్ళయినా అడగాల్సినవి అడగాలి అంటున్నాం. అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్ళ దగ్గర పిల్లాణ్ణి ఎలా వదులుతాం?

ట్రుగనీనా అమ్మగారూ, ప్లాన్ మేనేజర్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బిల్లు వేసేవాడు, ఆ బిల్లు పాస్ చేసేవాడు ఒకే ఇంట్లోవాళ్ళయితే మీ తరఫున చూసేది ఎవరు? ప్లాన్ మేనేజర్ ఫీజుకి ప్లాన్‌లో విడిగా డబ్బు ఇస్తారు, 2025-26లో నెలకి 104.45 డాలర్లు, అది మీ థెరపీ డబ్బులోంచి పోదు. కాబట్టి సంబంధం లేని వేరే వాళ్ళని పెట్టుకోండి. ప్రతి ఇన్‌వాయిస్ మీరు ఓకే అన్నాకే కట్టమని వాళ్ళకి రాసి పెట్టండి, చాలామంది యాప్‌లోనే ఆ సదుపాయం ఇస్తారు.

పెర్త్ బాబాయ్

నేనైతే సెల్ఫ్ మేనేజ్ చేస్తాను, అంటే బిల్లులు నేనే కడతాను. ధర నేనే మాట్లాడుకుంటాను, రిజిస్టర్ కాని మంచి థెరపిస్ట్ దగ్గరికి వెళ్తాను, ఒక బ్యాంక్ అకౌంట్ దీనికోసమే విడిగా పెట్టాను. కానీ కాగితాలన్నీ 5 ఏళ్ళు దాచాలి, గరిష్ఠ ధరల రక్షణ కూడా ఉండదు, ఎంత ఒప్పుకుంటే అంత కట్టాల్సిందే. చిన్న పిల్లాడితో, మొదటి ఏడాది, మీకు ప్లాన్ మేనేజ్డే మంచిది. రిజిస్టర్ కానివాళ్ళని వాడుకునే వీలు అందులోనూ ఉంది. ఏజెన్సీ మేనేజ్డ్ (బిల్లులు ఎన్‌డీఐఎస్ వాళ్ళే నేరుగా కట్టేది) అయితేనే రిజిస్టర్డ్ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

టార్నీట్ తమ్ముడు

అన్నలూ అక్కలూ, నాది 482 వీసా, టెంపరరీ వర్క్ వీసా. మా బాబుకి మూడేళ్ళు, లక్షణాలు అవే. మాకు ఏమైనా వస్తుందా?

వెంట్‌వర్త్‌విల్ నాన్న

తమ్ముడూ, ఎన్‌డీఐఎస్ రావాలంటే పౌరసత్వమో, పీఆరో, లేదా ప్రొటెక్టెడ్ స్పెషల్ కేటగిరీ వీసానో (కొందరు న్యూజిలాండ్ పౌరులకి ఉండేది) ఉండాలి. టెంపరరీ వీసా మీద రాదు. అలాగని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆపకు. డయాగ్నోసిస్ తీసుకుంటే పీఆర్ పోతుందేమో అని చాలామంది దాచేస్తున్నారు, బాబు వయసు మాత్రం ఆగదు. వీసా హెల్త్ రిక్వైర్‌మెంట్ గురించి అనుభవం ఉన్న మైగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు. ఫోరంలో ఎవరు ఏం చెప్పినా, నాతో సహా, దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకు. ఈలోపు కిండర్ టీచర్‌తో చెప్పు, కౌన్సిల్ మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్స్‌ని కలువు.

సికింద్రాబాద్ పెద్దమ్మ

నేను ఇండియా నుంచి చదువుతున్నాను. మా మనవరాలిని బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీకి (బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ) తీసుకెళ్ళేదాన్ని. ఇక్కడ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది కానీ ప్రైవేట్ థెరపీ సెంటర్లకి చాలావరకు మన చేతి డబ్బే. ప్రభుత్వం అక్కడ గంటకి ఇంత అని లెక్క కట్టి పిల్ల పేరున ఇస్తుంటే చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ డబ్బు బిడ్డది తల్లీ. కంపెనీది కాదు, ఫ్రెండ్‌ది కాదు. మీ ఆయన మొహమాటపడితే మీరు ఫోన్ చెయ్యండి.

ట్రుగనీనా అమ్మ

నిన్న నేనే ఫోన్ చేశాను పెద్దమ్మా. ముందు నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని, అది చూస్తూ మాట్లాడాను. మొదట 8 వారాలకే అగ్రిమెంట్ చేద్దాం, థెరపిస్ట్ పేరు చెప్పండి, ప్లాన్ మేనేజర్‌ని మేం చూసుకుంటాం, రెండు వారాల నోటీసుతో ఎవరైనా మానుకోవచ్చని రాయండి అన్నాను. ఎనిమిది వారాలు కుదరదన్నారు, మధ్యలో మానేస్తే ఎగ్జిట్ ఫీజు ఉంటుందన్నారు.

ఓటీ చెల్లి

ఎన్‌డీఐఎస్ ధరల నిబంధనల్లో ఎగ్జిట్ ఫీజుకి అనుమతి లేదు అక్కా. ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ట్రుగనీనా అమ్మ

వద్దని ఈమెయిల్ పెట్టేశాను. మా ఆయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నిన్న రాత్రి ఆ ఫ్రెండే ఫోన్ చేసి "మీరు చేసిందే కరెక్ట్, మేం మా పాపకి అడగలేకపోయాం" అన్నారట.

ఇప్పుడు వెతుకుతున్నాం. ఐదు చోట్ల వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టాం.

గచ్చిబౌలి టు గీలాంగ్

వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి రెండు వారాలకోసారి ఫోన్ చేయండి, క్యాన్సిలేషన్ స్లాట్లు వస్తే తీసుకుంటామని చెప్పండి. మాకు అలానే దొరికింది. మీరు క్యాన్సిల్ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో అగ్రిమెంట్‌లో చూసుకోండి, ఆలస్యంగా చెప్తే పూర్తి ఫీజు పడుతుంది. పిల్లలకి జ్వరాలు చెప్పి రావు కదా, అలాంటప్పుడు వీడియో కాల్‌లో పేరెంట్ సెషన్‌గా మారుస్తారా అని ముందే అడగండి.

ట్రుగనీనా అమ్మ

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి సారీ.

క్యాన్సిలేషన్ స్లాట్‌లో ఒక ఓటీ దొరికారు. ఒక్కరే, సొంతంగా చేసుకుంటారు, వయసు యాభై పైన ఉంటుంది. తెలుగు రాదు. అగ్రిమెంట్ మూడు పేజీలు, 10 వారాలకి. స్పీచ్ ఇంకా వెయిటింగే, ఆ డబ్బు ముట్టుకోలేదు.

మొదటి రోజు ఆవిడ బొమ్మలేమీ తేలేదు. "వీడు రోజూ అన్నం ఎలా తింటాడో అలాగే తినిపించు, నేను చూస్తాను" అంది. మా వాడు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, అది కూడా నా చేత్తోనే. వంటింటి గడప దగ్గర కింద కూర్చుని పెట్టాను. ఆవిడా పక్కన నేల మీదే కూర్చుని ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. మూడో వారం నా చెయ్యి కింద వాడి చెయ్యి పెట్టించింది, ఐదో వారం నా చేతిని గిన్నెకి కాస్త దూరంగా ఆపమంది. వాడు నా చెయ్యి కోసం చూశాడు, గిన్నె చూశాడు, నా మొహం చూశాడు. వేలు పెట్టి గిన్నె చూపించాడు. లాక్కెళ్ళకుండా, వేలు పెట్టి! నాలుగున్నరేళ్ళలో మొదటిసారి.

అత్తిలి అమ్మాయి

తల్లీ, ఏడిపించేశావు. ఆ రోజు తారీఖు రాసి పెట్టుకో.

వెంట్‌వర్త్‌విల్ నాన్న

చాలా చాలా సంతోషం. నోట్‌బుక్ పెట్టండి, తారీఖు, ఎంతసేపు చేశారు, ఏం చేశారు, ఏం మారింది. ప్లాన్ రీఅసెస్‌మెంట్ (ప్లాన్‌ని మళ్ళీ పరిశీలించడం) వచ్చినప్పుడు థెరపిస్ట్ రిపోర్ట్‌తో పాటు అది మీకు చాలా బలం. ఒకవేళ డబ్బు తగ్గించినా 3 నెలల్లోపు ఇంటర్నల్ రివ్యూ (ఆ నిర్ణయాన్ని వాళ్ళనే మళ్ళీ చూడమనడం) అడగొచ్చు, అప్పటికీ సరిపడకపోతే 28 రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 2025 ఆగస్టులో మంత్రి మార్క్ బట్లర్ చిన్నపిల్లల కోసం ఎన్‌డీఐఎస్ బయట థ్రైవింగ్ కిడ్స్ అనే పథకం ప్రకటించినప్పటి నుంచి అందరిలో కంగారు ఉంది, ఏం మారినా మన దగ్గర రాతపూర్వకంగా ఉన్నదే పనికొస్తుంది.

ట్రుగనీనా అమ్మ

నోట్‌బుక్ మొదలుపెట్టేశాను అన్నా, దానివల్ల నిన్ననే ఒకటి పట్టుకున్నాను. ఇన్‌వాయిస్‌లో నాలుగు సెషన్లు, నాలుగు ట్రావెల్స్ ఉన్నాయి. నా బుక్‌లో మూడే ఇంటి దగ్గర, ఒకటి బాబుకి జ్వరమొచ్చి వీడియో కాల్. ఆరు నెలల క్రితం అయితే 48 డాలర్లకి అడగడమేంటి అని ఊరుకునేదాన్ని. ఇలా పెట్టాను:

"నమస్తే, 14వ తేదీ సెషన్ వీడియో కాల్‌లో జరిగింది, ఆ రోజు ట్రావెల్ ఛార్జ్ పడింది. ఒకసారి చూసి ఇన్‌వాయిస్ మార్చి పంపగలరా? అప్పటివరకు ప్లాన్ మేనేజర్‌ని ఆపమని చెప్పాను."

పదిహేను నిమిషాల్లో జవాబు వచ్చింది. "పొరపాటు నాదే, థాంక్యూ" అని, కొత్త ఇన్‌వాయిస్‌తో పాటు వచ్చే వారం వాడికి ఇష్టమైన స్టీలు గిన్నె బయట పెట్టి ఉంచమని.